హ్యాచ్‌బ్యాక్‌ను వెనక్కి లాగేది ఏమిటి?

వానాకాలంలో కోనసీమ కాలువ గట్ల మీద కాసేపు తిరిగొచ్చిన హ్యాచ్‌బ్యాక్‌ను వెనక నుంచి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. బానెట్ మీద, డోర్ల పైభాగంలో పెద్దగా బురద ఉండదు. డిక్కీ డోరు మాత్రం అద్దంతో సహా మట్టి పూసినట్టు ఉంటుంది. అదే రోడ్డులో అదే వేగంతో వచ్చిన సెడాన్ వెనక అద్దం చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్‌కు వెనక వైపర్ పెట్టి, సెడాన్‌కు మామూలుగా పెట్టకపోవడానికి కారణం ఇదే. వెనక చక్రాలు లేపిన బురద ఇంకా వెనక్కే పోవాలి కదా, ముందుకొచ్చి అద్దానికి ఎందుకు అంటుకుంటోంది? రూఫ్ చివర, పక్కల చివర కారును వదిలేసిన గాలి డిక్కీ వెనక సుడి తిరిగి మళ్లీ ముందుకే వస్తోంది కాబట్టి. ఆ సుడి ఉన్నచోట పీడనం తక్కువ. రేస్ ట్రాక్ మీద కారును వెనక్కి పట్టి లాగేది ఆ తక్కువ పీడనమే.

వరద రోజుల్లో రాజమహేంద్రవరం వంతెన స్తంభాల దగ్గర గోదావరిని గమనించినవాళ్లకు ఇది కొత్త కాదు. స్తంభానికి ఎగువన నీళ్లు ఎత్తుగా లేస్తాయి, దిగువన పల్లం పడి సుడులు తిరుగుతాయి. స్తంభాన్ని నెట్టే బలంలో ఎక్కువ భాగం ఆ రెండు మట్టాల తేడా నుంచే వస్తుంది. గాలిలో మట్టం కంటికి కనపడదు, దాని బదులు పీడనం ఉంటుంది. కారు ముక్కు దగ్గర ఎక్కువ, డిక్కీ దగ్గర తక్కువ. ముక్కు భాగాన్ని కంపెనీలు ఎప్పుడో బాగా గుండ్రం చేసేశాయి. అక్కడ ఇంట్లో కూర్చుని పిండుకునేది పెద్దగా మిగల్లేదు. మిగిలింది వెనకే.

డెల్టాలో రేస్ ట్రాక్ లేదు. భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం కుర్రాళ్లు ట్రాక్ డే (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) అంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై వెళ్లాలి. రాజమహేంద్రవరం నుంచి 600 కిలోమీటర్లు దాటిన ప్రయాణం అది. అంత దూరం పోయేముందు ఖర్చంతా ఇంజిన్ మీద, సైలెన్సర్ మీద, పెద్ద వింగ్ మీద పెడతారు. కారు వెనక గాలి ఎక్కడ విడిపోతోందో ఎవరూ చూడరు. ముందు చూడాల్సింది అదే. ఖర్చు తక్కువ, పని మన చేతిలో ఉంటుంది, ఫలితం కొలవచ్చు.

లెక్క ఎంతో ముందు తెలియాలి, లేకపోతే ఆశలు ఎక్కడికో పోతాయి. మామూలు హ్యాచ్‌బ్యాక్ డ్రాగ్ (గాలి నిరోధం) కోఎఫిషెంట్, అంటే ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య, 0.34, ఎదురుగా కనపడే వైశాల్యం 2.1 చదరపు మీటర్లు అనుకుందాం. మన వేడికి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.15 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గాలి నిరోధం సుమారు 317 న్యూటన్లు, దాన్ని దాటడానికి 12 హార్స్‌పవర్ చాలు. 150 దగ్గర నిరోధం 713 న్యూటన్లు అవుతుంది, కావాల్సిన పవర్ 40 హార్స్‌పవర్‌కు చేరుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే పవర్ మూడు రెట్లు దాటిపోయింది. 1.2 లీటర్ ఇంజిన్ చక్రాల దగ్గరకు చేర్చే పవర్‌లో సగానికి పైగా అక్కడే ఖర్చవుతుంది. డ్రాగ్‌ను 5 శాతం తగ్గిస్తే 150 దగ్గర మిగిలేది 2 హార్స్‌పవర్. టాప్ స్పీడ్ 170 ఉన్న కారుకు రెండున్నర కిలోమీటర్లకు మించి పెరగదు. ఇంతేనా అనిపించవచ్చు. ఎయిర్ ఫిల్టర్ మార్చి 2 హార్స్‌పవర్ రాబట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఇది చిన్న సంఖ్య కాదు.

కారు వెనక రూపం గురించి ఇప్పుడు మనకు తెలిసినదానికి జర్మనీలో గట్టి పునాది పడింది. పొడవైన తోక సన్నగా సాగితే డ్రాగ్ తగ్గుతుందని ముందే తెలుసు, కానీ అంత తోకతో కారు నడపలేం. గాలి విడిపోకుండా ఉన్నంతవరకే తోకను సన్నబరిచి, ఆపైన నిలువుగా కోసేసినా ప్రయోజనంలో పెద్ద భాగం దక్కుతుందని 1930లలో స్టుట్‌గార్ట్‌లో వూనిబాల్డ్ కామ్, ఆయన సహచరులు చూపించారు. ఆ తర్వాత 1970లలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ మీద పనిచేసినవాళ్లకు వెనక వాలు కోణంలో ఒక వింత కనపడింది. 1984లో ఎస్.ఆర్. అహ్మద్ బృందం కారు ఆకారంలో ఉన్న సాదా దిమ్మ మీద దాన్ని వివరంగా కొలిచింది. వెనక వాలు (అడ్డంగా ఉన్న రూఫ్ గీత నుంచి కొలిస్తే) 12 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు డ్రాగ్ తక్కువ. అక్కడి నుంచి పెరుగుతూ పోయి 30 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరింది. 30 దాటగానే ఒక్కసారిగా పడిపోయింది.

30 డిగ్రీల దగ్గర అంత చెడుగా ఉండటానికి కారణం ఉంది. ఆ వాలు మీద గాలి పూర్తిగా విడిపోదు, పూర్తిగా అంటుకుని కూడా ఉండదు. రెండు పక్కల అంచుల నుంచి బలమైన సుడులు పుట్టి వాలు మీద పీడనాన్ని బాగా కిందికి లాగేస్తాయి. డ్రాగ్ పెరగడమే కాదు, వెనక చక్రాల మీద బరువు కూడా తగ్గుతుంది. కోణం ఇంకా నిటారుగా ఉంటే గాలి పైఅంచు దగ్గరే వదిలేస్తుంది, ఆ సుడులకు బలం ఉండదు.

మన రోడ్ల మీద కనిపించే స్విఫ్ట్, ఐ20, వ్యాగన్ఆర్ లాంటి కార్ల వెనక అద్దం సాధారణంగా 30 డిగ్రీల కంటే బాగా నిటారుగా ఉంటుంది. పైన చిన్న స్పాయిలర్ (రూఫ్ చివర రెక్క) కూడా ఉంటుంది. అంటే గాలి రూఫ్ చివరే వదిలేస్తోంది. డిక్కీ అద్దం మీద గాలిని అంటించి ఉంచాలని పెట్టే ఖర్చంతా వృథా. ఆన్‌లైన్‌లో దొరికే సొరచేప రెక్కల్లాంటి ముక్కలను రూఫ్ చివర వరసగా అతికించడం ఇలాంటిదే. మిత్సుబిషి వాటిని లాన్సర్ ఎవల్యూషన్ మీద పరీక్షించి డ్రాగ్ కోఎఫిషెంట్‌లో 0.006 తగ్గుదల చూసింది. అది సెడాన్. దాని వెనక అద్దం వాలుగా ఉంటుంది, గాలి అక్కడ అంటుకునే అవకాశం ఉంది. నిటారు డిక్కీకి అవి చేసే మేలు లేదు.

హ్యాచ్‌బ్యాక్‌కు పని ఉన్నది అంచుల దగ్గర. గాలి కారును వదిలే గీత ఎంత పదునుగా ఉంటే అంత మంచిది. రూఫ్ చివర గానీ, టెయిల్ ల్యాంప్ మూల గానీ గుండ్రంగా ఉంటే గాలి ఆ గుండ్రం చుట్టూ కొంత తిరిగి, లోపలికి వంగి, ఆ తర్వాత వదులుతుంది. వంగిన ఆ కాస్త మేరా పీడనం మరీ పడిపోయి మూలను వెనక్కి గుంజుతుంది. టయోటా ప్రియస్ లాంటి కార్ల టెయిల్ ల్యాంప్ మీద వేలుతో తడిమి చూస్తే నిలువుగా ఒక సన్నని అంచు తగులుతుంది. గాలిని ఆ గీత దగ్గరే తెంపడం దాని పని, అందం కోసం పెట్టింది కాదు.

దీన్ని పరీక్షించడానికి ముందు ఊలు దారం చాలు. బెత్తెడు ముక్కలను రూఫ్ చివర, వెనక డోరు పక్కన, టెయిల్ ల్యాంప్ మూలల మీద మాస్కింగ్ టేపుతో అతికించి, పక్క లేన్‌లో వచ్చే కారులోంచి ఫోన్‌తో వీడియో తీయించాలి. 80 వేగం సరిపోతుంది. పదునైన అంచుల దగ్గర గాలి విడిపోయే తీరు 80కీ 150కీ పెద్దగా మారదు. దారం నేరుగా వెనక్కి పరుచుకుంటే గాలి అంటుకుని ఉన్నట్టు, ఎగిరెగిరి పడినా ముందుకు తిరిగినా విడిపోయినట్టు. డిక్కీ డోరు మధ్యలో దారాలు ఎలాగూ పిచ్చిగా ఎగురుతాయి. వాటిని చూసి కంగారు పడక్కర్లేదు, అవి అక్కడ అలాగే ఉండాలి. మూల మీద అతికించిన దారం లోపలికి వంగి తిరుగుతోందా లేదా అన్నదే చూడాలి. తిరుగుతుంటే అక్కడ అంచు కావాలి.

నమూనాకు ఎన్నికల బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు చాలు. టెయిల్ ల్యాంప్ మూలల్లో రెండు సెంటీమీటర్ల నిలువు పట్టీ, కారు పక్కల వెంట వచ్చే గాలికి సమాంతరంగా. రూఫ్ స్పాయిలర్ చివర నుంచి వెనక్కి 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడిగింపు, కిందికి 8 నుంచి 10 డిగ్రీల వాలు. అద్దం రెండు పక్కలా అదే పొడవులో నిలువు రెక్కలు. పై నుంచి, పక్కల నుంచి వచ్చే గాలి కొద్దిగా లోపలికి మళ్లి సుడి పరిమాణం తగ్గుతుంది, డిక్కీ మీద పీడనం పెరుగుతుంది. వాలు ఎక్కువైతే గాలి పొడిగింపు మీదే విడిపోతుంది, శ్రమంతా పోతుంది. దారాలు ఆ సంగతి వెంటనే చెబుతాయి.

నమూనా పనిచేస్తుందని తేలాక గట్టి ముక్క చేయించడం డెల్టాలో తేలికే. కాకినాడ, ఉప్పాడ తీరాన ఫైబర్ బోట్లకు మరమ్మతు చేసే పనివాళ్లకు మ్యాట్ (గాజు పీచు), రెజిన్ (దాన్ని గట్టిపరిచే జిగురు) పని వెన్నతో పెట్టిన విద్య. బిగింపు మీద మాత్రం రాజీ వద్దు. 150 వేగంలో గాలి పూర్తిగా ఎదురుగా తగిలితే చదరపు మీటరుకు దాదాపు 100 కిలోల బరువు వేసినట్టు. 15 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల పొడవు ఉన్న ముక్క విరగబోయే స్థితిలో 16 కిలోల దెబ్బ కాయాలి. మన ఎండకు మెత్తబడే డబుల్ సైడ్ టేపు దీనికి చాలదు. బోల్టులు, వాటి వెనక వెడల్పాటి వాషర్లు కావాలి. వెనక వచ్చే కారు అద్దం మీదికి ముక్క ఎగిరిపోతే ఏమవుతుందో ఆలోచించి బిగించాలి. ట్రాక్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఊడదీసేలా కూడా ఉండాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. చట్టం సంగతి అటుంచినా, పదునైన అంచులతో అమలాపురం బజారులో మనుషుల మధ్య తిరగడం తప్పు.

కారు అడుగు విషయానికి వస్తే, వెనక బంపర్ లోపల బోలుగా ఉంటుంది. కింద నుంచి వచ్చిన గాలి అందులో చిక్కుతుంది. చాలామంది బంపర్‌కు రంధ్రాలు కొట్టిస్తారు. దానికంటే గాలి అందులోకి పోకుండా కింద షీటు మూయడం మేలు, బంపర్ కూడా పాడవదు. వెనక యాక్సిల్ నుంచి బంపర్ వరకు ఉండే 60 సెంటీమీటర్ల జాగాలో 8 డిగ్రీల వాలు ఇస్తే షీటు చివర 8 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంతకంటే ఎక్కువ లేపితే గాలి అంటుకోదు. షాపుల ముందు వాడే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు ఇందుకు బాగుంటుంది గానీ దాని మధ్య పొర ప్లాస్టిక్. సైలెన్సర్ పక్కన అది కరుగుతుంది, అక్కడ ఉత్తి అల్యూమినియం రేకు వేసి, జాగా వదలాలి. మన కార్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్కువ కాబట్టి ఈ షీటు నుంచి రేస్ కారు స్థాయి ఫలితం ఆశించకూడదు. అయినా పై నుంచి దిగే గాలికి, కింద నుంచి లేచే గాలికి సమతూకం కుదిరితే సుడి నిలకడగా ఉంటుంది. అందుకే రూఫ్ పొడిగింపును, కింది షీటును విడివిడిగా కాకుండా కలిపి సరిచూడాలి.

ఇక కొలత. చాలామంది వదిలేసేది, అన్నిటికంటే విలువైనది ఇదే. తాపీ మేస్త్రులు ఇంటి మట్టం చూసే లెవెల్ ట్యూబ్‌తోనే డిక్కీ మీద పీడనం కొలవచ్చు. పారదర్శకమైన ట్యూబును ‘యు’ ఆకారంలో ఒక మీటరు పలక మీద బిగించి, సగం వరకు రంగు నీళ్లు పోయాలి. రెండు గొట్టాలూ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఒక గొట్టం చివర నుంచి చేపల తొట్టెకు వాడే సన్నని పైపు తీసుకెళ్లి డిక్కీ డోరు మీద అతికించాలి. రెండో పైపును బానెట్ మధ్యలో, మూతి గాలికి ఎదురుగా కాకుండా పక్కకు తిప్పి అతికించాలి. బానెట్ దగ్గర పీడనం అసలు ఎంతన్నది మనకు అక్కర్లేదు, వెనక చేసే మార్పులకు అది మారకుండా ఉంటే చాలు. రెండో పైపును కారు లోపలే వదిలేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. క్యాబిన్ గాలి బయటికి పోయే దారులు చాలా కార్లలో వెనక బంపర్ లోపలే ఉంటాయి. వెనక పీడనం మారితే లోపలిదీ మారుతుంది, తేడా కనపడకుండా పోతుంది.

80 వేగంలో డిక్కీ మీద పీడనం బయటి గాలి కంటే 5 మిల్లీమీటర్ల నీటి మట్టం మేర తక్కువ ఉందనుకుందాం. అంటే చదరపు మీటరుకు 49 న్యూటన్లు. డిక్కీ, బంపర్ కలిపి 1.7 చదరపు మీటర్లు ఉంటే 83 న్యూటన్లు కారును వెనక్కి లాగుతున్నట్టు. ఆ వేగంలో మొత్తం గాలి నిరోధం 203 న్యూటన్లు. ఐదింట రెండు వంతులు ఈ ఒక్క చోటే ఉన్నాయి. ఈ లాగుడులో పదో వంతు తగ్గితే మొత్తం డ్రాగ్ 4 శాతం తగ్గుతుంది. కానీ నీటి మట్టంలో ఆ మార్పు అర మిల్లీమీటరే, కంటికి అందదు. అందుకే పలకను ఒక చివర 10 సెంటీమీటర్లు ఎత్తి వాల్చాలి. అప్పుడు అర మిల్లీమీటరు ట్యూబు వెంట 5 మిల్లీమీటర్లుగా సాగి కనిపిస్తుంది. పలక వాలు కారు పొడవు దిశలో ఉండాలి. రోడ్డు ఎక్కుడు దిగుడు ఉంటే ఈ కొలత చెడిపోతుంది. డెల్టా రోడ్లు నేలబారుగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఫ్లైఓవర్లు లేని నాలుగు వరసల రోడ్డు ముక్క చూసుకుని, ఆగి ఉన్నప్పుడు మట్టం గుర్తు పెట్టి, స్థిరమైన వేగంలో పక్క సీటు మనిషి చదివి రాయాలి. నడిపేవాళ్లు ట్యూబు వైపు చూడకూడదు. అద్దం మధ్య, నంబర్ ప్లేటు, బంపర్, రెండు మూలలు, ఇలా ఐదారు చోట్ల చదివితేనే సగటు తెలుస్తుంది.

గాలి విషయంలో డెల్టా అంత సహకరించదు. ఎదురుగాలి 10 కిలోమీటర్లు ఉంటే 80 వేగంలో గాలి ఒత్తిడి 27 శాతం పెరుగుతుంది. మనం వెతుకుతున్నది 4 శాతం. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక, కొబ్బరి తోటలు దాటి ఒక్కసారిగా వరిచేల మధ్యకొచ్చే 216వ జాతీయ రహదారి మీద తీసిన కొలతలకు విలువ ఉండదు. తెల్లవారగానే, ఆకు కదలని వేళ, రెండు దిక్కులా నడిపి సగటు తీయాలి. ఉష్ణోగ్రత కూడా లెక్కే. ఉదయం 22 డిగ్రీలు, మధ్యాహ్నం 38 డిగ్రీలు అయితే గాలి సాంద్రత 5 శాతం తగ్గుతుంది. పొద్దున పాత రూపాన్ని, మధ్యాహ్నం కొత్త రూపాన్ని కొలిస్తే ఏమీ చేయకుండానే మెరుగైనట్టు కనిపిస్తుంది. ముక్క లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి, మళ్లీ తీసేసి ఒకసారి, అన్నీ ఒకే గంటలో కొలవాలి. మొదటి, చివరి కొలతలు కలవకపోతే ఆ రోజు లెక్క వదిలేయాలి.

డ్రాగ్ తగ్గిందని తేలినా ట్రాక్‌కు అది సగం జవాబే. రూఫ్ వంపు మీద పీడనం తక్కువ కాబట్టి మామూలు కారు వేగంలో కొద్దిగా పైకి లేస్తుంది. రూఫ్ పొడిగింపును కిందికి వాల్చేకొద్దీ గాలి కిందికి మళ్లుతుంది, వెనక చక్రాల మీద బరువు ఇంకా తగ్గుతుంది. వెనక లిఫ్ట్ (గాలి పైకి లేపే బలం) కోఎఫిషెంట్ 0.1 పెరిగితే 150 వేగంలో 21 కిలోలు తేలిపోయినట్టు. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న హ్యాచ్‌బ్యాక్‌కు వెనక అసలే తేలిక. 150 నుంచి గట్టిగా బ్రేక్ వేసి మలుపులోకి తిప్పినప్పుడు తోక పక్కకు జారే టెన్షన్ ఉంటే డ్రైవర్ ముందుగానే బ్రేక్ వేస్తాడు. స్ట్రెయిట్‌లో (ట్రాక్ నేరుగా సాగే చోట) దక్కిన సమయం మలుపు ముందే పోతుంది.

ఏ ట్రాక్ అన్నదీ చూడాలి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5 కిలోమీటర్లు దాటి ఉంటుంది, కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది. అక్కడ డ్రాగ్ తగ్గించడం బాగా కలిసొస్తుంది. చెన్నై ట్రాక్ పూర్తి పొడవు 3.717 కిలోమీటర్లు. చిన్న ఇంజిన్ కారు టాప్ స్పీడ్‌లో గడిపే సమయం అక్కడ తక్కువ, మలుపుల్లో నమ్మకం ఎక్కువ విలువైనది. అక్కడికి వెళ్లే కారుకు రూఫ్ పొడిగింపు వాలును 10 డిగ్రీల నుంచి 4, 5కు తగ్గించడం మంచిది. పక్కల పదును పట్టీలను, కింది షీటును ఉన్నట్టే ఉంచవచ్చు, అవి వెనక తేలికదనాన్ని పెంచవు. ఇంకా తోక తేలుతోందనిపిస్తే పొడిగింపు చివర 10 మిల్లీమీటర్ల ఎత్తున నిలువు పట్టీ బిగించి, తర్వాతి సెషన్‌లో బ్రేక్ వేసే చోటు మలుపుకు దగ్గరగా జరిగిందో లేదో జీపీఎస్ రికార్డులో చూడాలి. ఆ పట్టీ వల్ల స్ట్రెయిట్ చివర ఒక కిలోమీటరు వేగం తగ్గి, బ్రేక్ వేసే చోటు పది మీటర్లు మలుపుకు దగ్గరగా జరిగితే పట్టీ ఉంచేయాలి.